నెత్తురు గడ్డకట్టే రహస్యం: దాయిరతుల్ మఆరిఫ్ నుంచి తార్నాకా వరకు

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికీ, తార్నాకాకూ మధ్య దూరం ఎంతో లేదు. ప్రాంగణంలో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఉంది. ప్రాచీన అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించి అచ్చువేయడం దాని పని. తార్నాకా వైపున జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనిషి తినే తిండికీ, అతని ఆరోగ్యానికీ గల సంబంధాన్ని పరిశోధించడం దాని పని. ఈ రెండవ సంస్థ చిరునామాలో నేటికీ 'జామియా ఉస్మానియా' అనే మాట ఉంటుంది. విశ్వవిద్యాలయం అన్న అర్థంలో అరబ్బీ నుంచి వచ్చిన పేరు అది. ఇప్పుడది ఒక తపాలా కార్యాలయానికి, ఒక రైల్వే స్టేషనుకు పేరుగా మిగిలింది.

పైకి చూస్తే ఈ రెండు సంస్థలకూ సంబంధం కనిపించదు. ఒకచోట వెయ్యేళ్ళనాటి కాగితాలు, మరొకచోట గాజు గొట్టాలు. అయితే మానవ శరీరంలోని నెత్తురును గురించిన ప్రశ్న ఈ రెండింటినీ కలుపుతుంది. గాయమైనప్పుడు పారే నెత్తురు ఎందుకు ఆగుతుంది? ఆగవలసిన చోట ఆగి ప్రాణం నిలిపే ఆ శక్తే, ఆగరాని చోట ఆగి గుండెపోటును ఎందుకు తెస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదికిన చరిత్రలో కొన్ని పుటలు ప్రాంగణంలో అచ్చయ్యాయి. మరికొన్ని తార్నాకాలో వ్రాయబడ్డాయి.

ఈ చరిత్రను చెప్పేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. అరబ్బీ వైద్యులు గ్రీకుల సరుకును భద్రపరచి ఐరోపాకు అప్పగించిన గిడ్డంగి కాపలాదారులు మాత్రమేనని కొందరు అంటారు. నేటి విజ్ఞానంలోని ప్రతి అంశమూ మన పూర్వీకుల గ్రంథాలలో అప్పుడే ఉన్నదని మరికొందరు అంటారు. మొదటి మాట అన్యాయం. రెండవ మాట అభిమానంతో పుట్టినదే కాని, అదీ అన్యాయమే. ఆ పూర్వీకులు తమకు తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పుకున్నవారు కారు.

దాయిరతుల్ మఆరిఫ్ చేసిన పని

దాయిరతుల్ మఆరిఫ్ 1888లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో ఏర్పడింది. నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసైన్ బిల్‌గ్రామీ, మౌలానా అన్వారుల్లా ఫారూఖీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ గార్లు దీని స్థాపకులు. ప్రపంచంలోని గ్రంథాలయాలలో వ్రాతప్రతులుగా పడి ఉన్న అరబ్బీ గ్రంథాలను వెలికి తీసి, ప్రతులను సరిపోల్చి, శుద్ధపాఠాన్ని ముద్రించాలన్నది వారి సంకల్పం. హదీసు, చరిత్ర, ఖగోళం, గణితం మొదలైన శాఖలతోపాటు వైద్యమూ అందులో చేరింది.

అదే 1888లో ఇదే నగరంలో మరో ముఖ్యమైన పని మొదలైంది. శస్త్రచికిత్సలో రోగికి ఇచ్చే క్లోరోఫారం ప్రాణాపాయం ఎలా కలిగిస్తున్నదో తేల్చడానికి, నిజాం ప్రభుత్వ ఖర్చుతో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ ఏర్పడింది. 1889లో రెండవ కమిషన్ కూర్చుంది. ఒకే పాలనలో, ఒకే నగరంలో, పాత గ్రంథాలను అచ్చువేయాలన్న ఆలోచనా, కొత్త ప్రయోగాలు చేయాలన్న ఆలోచనా పక్కపక్కనే పుట్టాయి. ఈ రెండింటిలో ఏదీ రెండవదానికి శత్రువు అని ఆనాటి పెద్దలు భావించలేదు.

1917లో దారుత్తర్జుమా, అనగా అనువాద శాఖ, ఏర్పడింది. 1918లో ఉర్దూ బోధనా మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. వైద్యంతో సహా ఆధునిక శాస్త్రాలను ఒక భారతీయ భాషలో ఉన్నత స్థాయిలో బోధించడానికి జరిగిన పెద్ద ప్రయత్నం అది. వేలాది పారిభాషిక పదాలను అనువాదకులు కూర్చుండి, వాదించుకొని, తయారు చేశారు. 1948 తరువాత ఆ బోధనా మాధ్యమం పోయింది. ఆ పదాలలో చాలా భాగం పుస్తకాలలోనే ఉండిపోయాయి.

దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించిన వైద్య గ్రంథాలలో మూడింటిని ఇక్కడ చెప్పుకోవాలి. ఇబ్ను అల్ ఖుఫ్ శస్త్రచికిత్సపై వ్రాసిన 'అల్ ఉమ్దా' హి. 1356లో, అంటే 1937లో, రెండు భాగాలుగా వెలువడింది. ఇబ్ను హుబల్ వ్రాసిన 'అల్ ముఖ్తారాత్' 1940లలో నాలుగు భాగాలుగా వచ్చింది. ఇక 1955లో మొదలై ఏళ్ళ తరబడి సాగిన మహత్తర ముద్రణ, అబూ బక్ర్ రాజీ వ్రాసిన 'అల్ హావీ'. ఇది ఇరవై మూడు భాగాలు. స్పెయిన్ దేశపు ఎస్కోరియల్ గ్రంథాలయంలోని వ్రాతప్రతి దీనికి ప్రధాన ఆధారం. స్పెయిన్‌లో దాగి ఉన్న పాఠం హైదరాబాదులో అచ్చయి, మళ్ళీ ప్రపంచంలోని గ్రంథాలయాలకు వెళ్ళింది.

'లీ' అన్న రెండక్షరాలు

రాజీ హి. 313లో, అంటే క్రీ.శ. 925లో మరణించాడు. 'అల్ హావీ' ఆయన స్వయంగా పూర్తి చేసిన గ్రంథం కాదు. జీవితాంతం చదివినప్పుడూ, రోగులను చూసినప్పుడూ వ్రాసుకున్న టిప్పణాలను, ఆయన మరణానంతరం శిష్యులు సేకరించి కూర్చారు. 1279లో ఇది లాటిన్ భాషలోకి అనువాదమైంది. 1486లో ఇటలీలోని బ్రెషియా నగరంలో అచ్చయింది. అరబ్బీ మూలం మాత్రం అచ్చు కావడానికి ఇరవయ్యవ శతాబ్దం దాకా ఆగవలసివచ్చింది.

ఈ గ్రంథంలో రాజీ పాటించిన ఒక పద్ధతి మన దృష్టిలో ఉండాలి. ప్రతి రోగం కిందా ఆయన ముందుగా పూర్వుల అభిప్రాయాలను వారి పేర్లతో వ్రాస్తాడు. జాలీనూస్ ఇలా అన్నాడు, బుఖ్రాత్ ఇలా అన్నాడు అని ఒక్కొక్కరిదీ విడివిడిగా చూపిస్తాడు. భారతీయ వైద్యుల మాటలూ అందులో ఉంటాయి. ఆ తరువాత తన అభిప్రాయం చెప్పవలసి వస్తే, దానికి ముందు 'లీ' అని వ్రాస్తాడు. 'ఇది నాది' అని దాని భావం. ఎవరి మాట ఎక్కడ ఆగిందో, తన మాట ఎక్కడ మొదలైందో చదివేవాడికి సందేహం కలగకుండా చేసే గుర్తు అది. అదే రాజీ, జాలీనూస్‌పై తనకు కలిగిన సందేహాలను మరొక గ్రంథంగా వ్రాశాడు. గురువును గౌరవించడం, గురువును పరీక్షించడం రెండూ ఆయనకు ఒకే పనిలో భాగాలు.

పరులది పరులకు, తనది తనకు అని లెక్క వ్రాసిన మనిషి ఆయన. ఆయన చూడనిదాన్ని ఆయన ఖాతాలో వేయడం ఆయనను గౌరవించడం కాదు.

పూర్వ వైద్యులకు ఏమి తెలుసు?

నెత్తురు గడ్డకట్టడాన్ని గురించి ప్రాచీనులకు తెలిసినది తక్కువేమీ కాదు. నెత్తురులో సన్నని పోగులు ఉన్నాయనీ, అది గడ్డకట్టడానికి ఆ పోగులే కారణమనీ అరిస్టాటిల్, జాలీనూస్ వంటివారు భావించారు. గ్రీకు వైద్య గ్రంథాలు అరబ్బీలోకి వచ్చినది ముఖ్యంగా హునైన్ ఇబ్ను ఇస్‌హాఖ్ చేతుల మీదుగా. బాగ్దాదులో పనిచేసి హి. 260లో మరణించిన ఈ అనువాదకుడు క్రైస్తవుడు. శస్త్రచికిత్స గ్రంథం వ్రాసిన ఇబ్ను అల్ ఖుఫ్ కూడా క్రైస్తవుడే. అరబ్బీ వైద్యం ఒక మతంవారి సొత్తుగా కాక, ఒక భాషలో కలిసి పనిచేసిన అనేకుల కృషిగా పెరిగింది. దానిని నిలబెట్టిన సమాజం ముస్లిమ్ సమాజం. ఆ సమాజపు ఔన్నత్యం అక్కడ కూడా ఉంది.

అందులూసియాకు చెందిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ క్రీ.శ. 1013లో మరణించాడు. ధమని తెగి నెత్తురు చిమ్ముతున్నప్పుడు ఏమి చేయాలో ఆయన 'అత్తస్రీఫ్' గ్రంథంలో స్పష్టంగా వివరించాడు. ముందుగా వేలితో గట్టిగా అదిమి పట్టాలి. ఆపైన నాలుగు మార్గాలు. కాల్చడం ఒకటి. సగం తెగిన ధమనిని పూర్తిగా కోసి దాని కొనలు ముడుచుకొనేటట్లు చేయడం రెండవది. దారంతో బిగించి కట్టడం మూడవది. నెత్తురును ఆపే మందులు వేసి గట్టిగా కట్టు కట్టడం నాలుగవది. కొన్ని శతాబ్దాలు గడచిన తరువాత చూసినా ఈ నాలుగింటిలోనూ అర్థం ఉన్నది. తెగిన నాళం తన కండరంతో తానే ముడుచుకుంటుందన్న విషయం నేటి శరీరధర్మశాస్త్రం అంగీకరించినదే. అదిమి పట్టడం వల్ల, నెత్తురు తనంతట తాను గడ్డకట్టడానికి వ్యవధి దొరుకుతుంది.

జహ్రావీ మరొక సంగతి వ్రాశాడు. ఒక గ్రామంలో కొందరు పురుషులకు గాయమైతే నెత్తురు ఆగక ప్రాణం పోయేదని ఆయన నమోదు చేశాడు. నేడు హీమోఫీలియా అని పిలిచే వంశపారంపర్య వ్యాధికి తొలి వర్ణనలలో ఒకటిగా వైద్య చరిత్రకారులు దీనిని లెక్కిస్తారు. వ్యాధి పురుషులలో కనబడుతున్నదని ఆయన గమనించాడు. కారణం ఆయనకు తెలియదు. తెలిసినట్లు ఆయన కల్పించనూ లేదు.

ఇబ్ను అల్ ఖుఫ్ క్రీ.శ. 1233 నుంచి 1286 వరకు జీవించాడు. ధమనులకూ, సిరలకూ మధ్య కంటికి కానరాని సన్నని మార్గాలు ఉండాలని ఆయన వ్రాసినట్లు చరిత్రకారులు గుర్తించారు. ఆయనకు సమకాలికుడైన ఇబ్ను అన్నఫీస్, నెత్తురు గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తుల గుండా ఎడమవైపుకు చేరుతుందని తర్కించి చెప్పాడు. ఆ వ్రాతప్రతి మీద లోకం దృష్టి పడినది 1924లో. ముహ్యుద్దీన్ అత్తతావీ అనే ఈజిప్టు వైద్య విద్యార్థి జర్మనీలో సమర్పించిన పరిశోధన వ్యాసం దానిని వెలికి తీసింది. అయితే కేశనాళికలను కంటితో చూడడం 1661లో మాల్పీగీకి సూక్ష్మదర్శిని లభించిన తరువాతనే సాధ్యమయింది. ఊహకూ, చూపుకూ మధ్య నాలుగు శతాబ్దాల దూరం ఉంది. ఊహించినవాడి గొప్పతనం వేరు, చూసినవాడి గొప్పతనం వేరు. ఒకరిది మరొకరికి ఇవ్వరాదు.

ఇక్కడ 'అలఖ్' అన్న మాట ప్రస్తావనకు వస్తుంది. దివ్య ఖుర్ఆన్‌లోని 96వ సూరాకు అదే పేరు. గడ్డకట్టిన నెత్తురు, జలగ, అంటిపెట్టుకొని ఉండేది అన్న అర్థాలు అరబ్బీ నిఘంటువులలో ఉన్నాయి. తెలుగు అనువాదకులు సాధారణంగా 'నెత్తురు గడ్డ' అనే వ్రాస్తూ వచ్చారు. ఇటీవలివారు కొందరు 'అంటుకొని ఉండేది' అన్న అర్థాన్ని ఎంచుకుంటున్నారు. ఇది పద నిర్ణయానికి సంబంధించిన చర్చ. పూర్వ వ్యాఖ్యాతలు దీనిని మనిషి తన అల్పమైన ఆరంభాన్ని గుర్తుచేసుకోవడానికి చెప్పిన మాటగా చదివారు. రక్తఫలకికల పాఠాన్ని అందులో వెదకడం వారికి తోచలేదు. ఆ వెదుకులాట వల్ల గ్రంథానికి కొత్త గౌరవమేమీ కలగదు. శాస్త్రం రేపు తన మాట మార్చుకుంటే చిక్కు మాత్రం కలుగుతుంది.

సూక్ష్మదర్శినిలో కనబడిన చిన్న పలకలు

రక్తఫలకిక ఎర్ర కణంకంటె చాలా చిన్నది. దాని వెడల్పు ఒక మిల్లీమీటరులో వెయ్యోవంతుకు రెండు మూడు రెట్లు. నెత్తురు శరీరం నుంచి బయటికి రాగానే ఫలకికలు ఒకదానికొకటి అంటుకొని రూపం కోల్పోతాయి. అందువల్ల సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత కూడా అవి చాలాకాలం పరిశోధకులకు చిక్కలేదు. 1842లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ డోనె నెత్తురులో చిన్న రేణువులను చూశాడు. 1865లో మాక్స్ షుల్ట్‌జ్ వాటిని మరింత చక్కగా వర్ణించాడు. కాని అవి ఏమిటో, ఎందుకో తేలలేదు. చెడిపోయిన కణాల తుంపులని కొందరనుకున్నారు.

1882లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో జూలియో బిజొజెరో ఈ చిక్కు విప్పాడు. బయటికి తీసిన నెత్తురును కాక, బతికి ఉన్న జంతువు సన్నని రక్తనాళాలలో ప్రవహిస్తున్న నెత్తురునే ఆయన సూక్ష్మదర్శిని కింద చూశాడు. నాళం గోడకు చిన్న గాయం చేసి గమనించాడు. గాయమైన చోటికి అన్నిటికంటె ముందు వచ్చి అతుక్కున్నవి ఈ చిన్న పలకలే. నెత్తురు ఆగడానికీ, నాళం లోపల గడ్డ ఏర్పడడానికీ మూలం ఇవేనని ఆయన ప్రకటించాడు.

వీటికి పెట్టిన పేర్లు చూస్తే అనువాద విద్యపై ఆసక్తి గలవారికి ఆనందం కలుగుతుంది. బిజొజెరో తన భాషలో 'పియాస్ట్రినె' అన్నాడు. చిన్న పలకలు అని అర్థం. అరబ్బీలో 'సుఫైహాత్' అంటారు. 'సఫీహా' అంటే పలక, దానికి అల్పార్థక రూపం ఇది. తెలుగు పాఠ్యపుస్తకాలు 'రక్తఫలకికలు' అన్నాయి. ఫలకానికి అల్పార్థకం ఫలకిక. మూడు భాషలూ ఒకే ఉపాయంతో ఒకే చోటికి చేరాయి.

ఈ ఫలకికలు ఎక్కడ పుడతాయన్నది ఇరవయ్యవ శతాబ్దారంభంలో అమెరికాకు చెందిన జేమ్స్ హోమర్ రైట్ కనుగొన్నాడు. ఎముక మూలుగలో మెగాకేరియోసైట్లనే పెద్ద కణాలు ఉంటాయి. వాటి అంచులు తునకలై ఫలకికలుగా నెత్తురులో చేరుతాయి. ఇందుకు ఆయన వాడినది తానే మెరుగుపరచిన రంగు అద్దకం. మలేరియా క్రిములను చూడడానికీ అదే అద్దకం ఉపయోగపడుతుంది. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన సంగతి తెలుగు పాఠకులకు తెలిసినదే. గాజుపలకపై నెత్తురు చుక్కను పరచి చూసే విద్య, ఆ విధంగా హైదరాబాదు రాజ్యానికి ఆనాడే పరిచయమై ఉంది.

మిత్రుడే శత్రువైన తీరు

ఆరోగ్యవంతుని నెత్తురులో ఒక ఘనపు మిల్లీమీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఫలకికలు ఉంటాయి. ఒక్కొక్కటి వారం పదిరోజులు జీవిస్తుంది. రోజుకు సుమారు పదివేల కోట్ల ఫలకికలు కొత్తగా పుడుతుంటాయి. మామూలు వేళ అవి నునుపైన నాళాల లోపలి పొరను తాకుతూ, అంటుకోకుండా సాగిపోతాయి.

గాయమై ఆ పొర చిరిగినప్పుడు, లోపలి కొల్లాజెన్ పోగులు బయటపడతాయి. నెత్తురులోని వాన్ విల్లిబ్రాండ్ అనే ప్రోటీను ఆ పోగులకు పట్టుకుంటుంది. ఫలకికలు దానిని ఆసరా చేసుకొని అతుక్కుంటాయి. అతుక్కున్నవి ఆకారం మార్చుకొని, ఏడీపీ, థ్రాంబాక్సేన్ అనే పదార్థాలను విడుదల చేస్తాయి. అది తోటి ఫలకికలకు పిలుపు. వచ్చినవన్నీ ఫైబ్రినోజన్ వంతెనలతో ఒకదానికొకటి ముడిపడి మూతగా ఏర్పడతాయి. ఆపైన ఫైబ్రిన్ పోగులు వలవలె అల్లుకొని ఆ మూతను గట్టిచేస్తాయి. ప్రాచీనులు చెప్పిన పోగులు ఇవి. అయితే ఆ పోగులకు ముందే వచ్చి పని మొదలుపెట్టే పలకలను వారు చూడలేదు.

ఇదే పని ధమని లోపల జరిగితే ప్రమాదం. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం, నెత్తురులో పెరిగిన కొవ్వు ఇవన్నీ ధమని గోడను దెబ్బతీస్తాయి. గోడలో కొవ్వు పేరుకొని, దానిపై పల్చని పైకప్పు ఏర్పడుతుంది. ఏనాడో ఒకనాడు ఆ పైకప్పు చిట్లుతుంది. అది కత్తిగాయమో, లోపలి చిట్లుడో ఫలకికకు తెలియదు. దానికి తెలిసినది గాయమైన చోట అతుక్కోవడమే. క్షణాలలో గుమిగూడి మూత వేస్తుంది. గుండెకు నెత్తురు తీసుకుపోయే సన్నని ధమనిలో ఈ మూత పడితే గుండెపోటు, మెదడుకు పోయే ధమనిలో పడితే పక్షవాతం.

ఈ ఫలకికలను అదుపు చేసే మందు, అప్పటికే ఇంటింటా ఉన్న తలనొప్పి మాత్ర కావడం విశేషం. ఆస్పిరిన్ 1899లో అంగడికి వచ్చింది. 1950ల ప్రాంతంలో కాలిఫోర్నియాకు చెందిన లారెన్స్ క్రేవెన్ అనే సాధారణ వైద్యుడు ఒక సంగతి గమనించాడు. గొంతు శస్త్రచికిత్స తరువాత ఆస్పిరిన్ ఎక్కువగా నమిలినవారిలో నెత్తురు ఎక్కువగా పోతున్నది. అలాగైతే ఇది గుండెపోటును ఆపవచ్చునని ఆయన తలచి, అనేకమందికి ఇచ్చి చూశాడు. పోల్చడానికి మందు ఇవ్వని వర్గం లేనందున పెద్దలు ఆ మాట పట్టించుకోలేదు. 1962లో గుస్తావ్ బార్న్, ఫలకికలు గుమిగూడడాన్ని కాంతితో కొలిచే పరికరాన్ని వివరించాడు. ఆనాటి నుంచి అంచనా కొలతగా మారింది. 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ పనిచేసే తీరును చెప్పాడు. 1975లో స్వీడన్‌లో శామ్యూల్సన్ బృందం థ్రాంబాక్సేన్‌ను కనుగొంది. ఈ కృషికి వేన్, శామ్యూల్సన్, బెర్గ్‌స్ట్రోమ్‌లకు 1982లో నోబెల్ బహుమతి లభించింది.

ఫలకికకు కేంద్రకం లేదు. ఆస్పిరిన్ దాని ఎంజైమును ఒకసారి పాడుచేస్తే, దాన్ని అది మళ్ళీ తయారు చేసుకోలేదు. అందుకే చిన్న మోతాదు ఫలితం కూడా ఆ ఫలకిక బతికినన్నాళ్ళూ నిలుస్తుంది. 1988లో వెలువడిన ఒక మహాపరిశీలనలో, గుండెపోటు వచ్చిందని అనుమానించిన 17,187 మంది రోగులను చేర్చారు. ఆస్పిరిన్ ఇచ్చినవారిలో, ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా సంభవించిన మరణాలు 23 శాతం తగ్గాయి. క్రేవెన్ అనుమానం మూడు దశాబ్దాల తరువాత రుజువైంది.

తార్నాకాలో జరిగిన పని

జాతీయ పోషకాహార సంస్థ మూలాలు నీలగిరులలోని కూనూరులో ఉన్నాయి. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన చిన్న పరిశోధన శాల అది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో నేటి పేరు పొందింది. కరువు, అరకొర తిండి, పిల్లల బలహీనత తొలి దశాబ్దాలలో దాని ప్రధాన చింతలు. ఆ తరువాత నూనె, కొవ్వు, గుండెజబ్బు కూడా దాని ముందుకు వచ్చాయి.

ఈ రంగంలో అక్కడ దీర్ఘకాలం పరిశోధన చేసిన శాస్త్రవేత్త డాక్టర్ గఫూరున్నిసా. భారతీయుల భోజనంలోని కొవ్వు ఆమ్లాలు ఆమె పరిశోధన విషయం. ఫలకికల మీద తిండి ప్రభావం ఉన్నదన్న ఊహ 1970లలో బలపడింది. గ్రీన్‌లాండ్ దేశపు ఇనూయిట్ ప్రజలు సముద్ర జంతువుల కొవ్వును విస్తారంగా తింటారు. వారిలో గుండెపోటు తక్కువనీ, గాయమైతే నెత్తురు ఆగడానికి ఎక్కువ వ్యవధి పడుతుందనీ బాంగ్, డైయెర్‌బెర్గ్ అనే డేనిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు ఫలకికలు గుమిగూడే జోరును తగ్గిస్తాయని తేలింది.

మరి చేప తినని తెలుగువాడి సంగతేమిటి? జొన్నరొట్టె, పప్పు, పల్లీనూనె తినేవాడి సంగతేమిటి? ఈ ప్రశ్నను తార్నాకాలో వేసుకున్నారు. మొక్కల నుంచి లభించే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాన్నీ, చేపనూనెలోని ఒమేగా-3 ఆమ్లాలనూ భారతీయ భోజనం సందర్భంలో పోల్చుతూ గఫూరున్నిసా, ఆమె సహచరి 1992లో ఒక వ్యాసం ప్రకటించారు. మొక్కల ఆమ్లాన్ని శరీరం చేపనూనెలోని రూపంలోకి కొంతమేరకే మార్చుకోగలదు. కనుక శాకాహారి దానిని ఎక్కువగా తీసుకోవలసి ఉంటుంది. ధాన్యాలలో, పప్పులలో కంటికి కనబడకుండా ఉండే కొవ్వును కూడా లెక్కలో వేయాలన్నది ఆమె పదేపదే చెప్పిన విషయం.

1995లో ప్రకటించిన మరొక పరిశీలన పేదవాడి ఇంటికి మరింత దగ్గరది. పామోలిన్ నూనెను రాష్ట్రంలో చౌకధరల దుకాణాల ద్వారా పంచుతుండేవారు. ఆ నూనె వల్ల గుండెకు చేటు కలుగుతుందేమోనన్న అనుమానం ఉండేది. గఫూరున్నిసా, ఆమె సహచరులు ఆరోగ్యవంతులైన భారతీయులలో పామోలిన్‌నూ, వేరుశెనగ నూనెనూ పోల్చి చూశారు. నెత్తురులోని కొవ్వుల మీద, ఫలకికలు గుమిగూడడం మీద రెండింటి ప్రభావమూ ఒకే తీరుగా ఉన్నదని వారు ప్రకటించారు. చౌకదుకాణం ముందు బారుగా నిలబడిన ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. అయినా ఆ ప్రశ్న ఆమె వంటింటి నుంచి పుట్టినదే.

వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వుల చేటును గురించి కూడా గఫూరున్నిసా వ్రాశారు. పెళ్ళి విందుల బిర్యానీలోకి, మిఠాయిలలోకి, బేకరీ బిస్కట్లలోకి డాల్డా చేరిన తీరు హైదరాబాదువారికి తెలియనిది కాదు. దేశంలో నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం మించరాదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. పరిశోధన నిబంధనగా మారడానికి కాలం పడుతుంది. మధ్యకాలంలో దెబ్బతిన్న ధమనుల లెక్క ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

తెలిసినదాని బాధ్యత

ఈ చరిత్ర వల్ల పాఠకునికి కలిగే ప్రయోజనం ఏమిటి? మొదటిది ఆచరణకు సంబంధించినది. గుండె ధమనిలో స్టెంటు వేయించుకున్నవారు ఫలకికలను అదుపు చేసే మాత్రలు తీసుకుంటుంటారు. రమజాన్ వచ్చిందని వాటిని తమంతట తాము మానివేయడం ప్రాణాపాయం. స్టెంటులోనే గడ్డ ఏర్పడవచ్చు. వైద్యునితో మాట్లాడి మాత్ర వేళను ఇఫ్తారుకో, సహరీకో మార్చుకోవచ్చు. ఈ మాత్రలు వాడుతున్నవారు హిజామా చేయించుకోదలిస్తే ముందుగా ఆ విషయం చెప్పాలి. గుండెజబ్బు ఎన్నడూ లేనివారు, పక్కింటివారు వేసుకుంటున్నారని రోజూ ఆస్పిరిన్ వేసుకోవడం తగదు. అటువంటివారిలో కలిగే మేలును, కడుపులోనో మెదడులోనో నెత్తురు కారే ప్రమాదం చాలావరకు హరించివేస్తుందని 2018లో వెలువడిన పెద్ద పరిశీలనలు చూపాయి.

వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ఫలకికల అంకెకోసం ఎదురుచూస్తారు. అంకె తగ్గడం ఒక్కటే ప్రమాదం కాదు. నాళాల నుంచి నీరు ఊరిపోయి రక్తపోటు పడిపోవడం అంతకంటె పెద్ద ప్రమాదం. నెత్తురు కారడం లేనప్పుడు, అంకె పదివేలకు దిగువకు పోనప్పుడు, ఫలకికలు ఎక్కించడం సాధారణంగా అవసరం ఉండదు. ఆ జ్వరంలో ఆస్పిరిన్ మాత్రం ముట్టరాదు.

రెండవ ప్రయోజనం దృష్టికి సంబంధించినది. ముస్లిమ్ యువకుడు తన వారసత్వాన్ని గురించి గర్వపడదలిస్తే, గర్వపడవలసిన చోటు ఏది? రాజీకి ఫలకికలు తెలుసునని చెప్పుకోవడంలో గర్వం లేదు. అది అబద్ధం. ఆయన వ్రాసుకున్న టిప్పణాలు వెయ్యేళ్ళ తరువాత హైదరాబాదులో అక్షరం అక్షరం సరిచూసి అచ్చయ్యాయన్నది నిజం. జహ్రావీ ఒక గ్రామంలోని మరణాలను చూసి, కారణం తెలియకపోయినా వ్రాసిపెట్టాడన్నది నిజం. అదే ఆవరణకు కూతవేటు దూరంలో గఫూరున్నిసా అనే శాస్త్రవేత్త చౌకదుకాణపు నూనెను నెత్తురులో కొలిచి చూశారన్నదీ నిజం. ఈ మూడింటిలోనూ ఒకే గుణం ఉంది. చూసినదాన్ని చూసినట్లు వ్రాయడం, తనది కానిదాన్ని తనదనకపోవడం.

దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించిన గ్రంథాలలో చాలా భాగాన్ని తెలుగువాడు చదవలేడు. అవి అరబ్బీలో ఉన్నాయి. తార్నాకాలో వెలువడిన పరిశోధన వ్యాసాలనూ చాలామంది చదవలేరు. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. ఈ రెంటికీ మధ్య తెలుగు పాఠకుడు నిలబడి ఉన్నాడు. గుండెపోటు మాత్రం ఏ భాష తెలిసినవాడు, ఎవడు తెలియనివాడు అని చూసి రాదు. హునైన్ కాలంలో బాగ్దాదులోనూ, దారుత్తర్జుమా కాలంలో హైదరాబాదులోనూ జరిగిన పని ఇప్పుడు తెలుగులో జరగవలసి ఉంది. ఆ పని చేసేవారు ప్రతి పుటలోనూ రాజీ వలెనే, ఎవరి మాట ఎక్కడ ముగిసిందో, తమ మాట ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టి వ్రాయాలి. ఇంతకు మించిన వారసత్వం ఏదీ ఆ ఇరవై మూడు భాగాలలో లేదు.